సొరుగులో ఉండిపోయిన 1,500 ఊహలు

మొన్న బీరువా అడుగు సొరుగు ఖాళీ చేస్తుంటే ఒక పాత ప్లాస్టిక్ ఫోల్డర్ చేతికి తగిలింది. లోపల 60 షీట్లు. ఒక్కో షీటు మీద 25 గళ్లు, ప్రతి గడిలో పెన్సిల్‌తో గీసిన ఒక గుర్తు. వృత్తం, కూడిక గుర్తు, మూడు అలలు, చతురస్రం, నక్షత్రం, ఈ ఐదింట్లో ఏదో ఒకటి. పక్కన ఎర్ర పెన్నుతో నేను పెట్టిన టిక్కులు. ఎమ్మెస్సీ సైకాలజీ చదివేటప్పుడు ప్రాజెక్టు కోసం చేసిన టెలిపతీ ప్రయోగం అది. ఇన్నేళ్లలో దాన్ని చూసింది నేను, నా ఫ్రెండ్, మా గైడ్ గారు, అంతే.

ప్రయోగం చాలా సాదాసీదాది. తెర అవతల నా ఫ్రెండ్ కూర్చుని కట్టలోంచి ఒక్కో కార్డు తీసి అర నిమిషం పాటు దాన్నే చూస్తుంది. ఇవతల కూర్చున్నవాళ్లు ఆమె ఏ గుర్తు చూస్తోందో ఊహించి షీటు మీద గీస్తారు. ఐదు గుర్తులు, 25 కార్డులు కాబట్టి ఏ శక్తీ లేకపోయినా సగటున ఐదు వాటంతటవే కలుస్తాయి. అంతకంటే బాగా ఎక్కువ కలుస్తాయా అన్నదే ప్రశ్న. కార్డులు మేమే ప్రింట్ తీసి కత్తిరించుకున్నాం. మొదటి రోజు మొదలుపెట్టబోయే ముందు ఎందుకో ఒక కార్డు ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూస్తే, వెనక నుంచి నక్షత్రం లీలగా కనిపించింది. గుండె గుభేల్మంది. కట్ట మొత్తం పక్కన పడేసి, కార్డుకి కార్డుకి వెనక నల్ల చార్టు ముక్క అంటించుకుంటూ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాం. 1930ల్లో అమెరికాలో అచ్చు వేసి అమ్మిన ఇలాంటి కార్డుల్లో కూడా కొన్నింటికి ఇదే లోపం ఉండేదని చాలా రోజుల తర్వాత చదివాను.

నా నోట్‌బుక్ మొదటి పేజీలో "60 మంది, ఒక్కొక్కరికి 25 కార్డులు" అని రాసుకున్నాను. తేదీ కూడా వేశాను. 20 మంది అయ్యాక ఆగలేక లెక్క వేసి చూశాం. 500 ఊహల్లో 100 కలవాలి, 118 కలిశాయి. క్యాలిక్యులేటర్ మీద మళ్లీ మళ్లీ వేశాను. ఊరికే అదృష్టం కొద్దీ అన్ని కలిసే అవకాశం నూటికి మూడు పాళ్లు కూడా లేదు. ఆ అవకాశం నూటికి ఐదు కంటే తక్కువ ఉంటేనే జర్నల్స్ దాన్ని ఫలితం కింద ఒప్పుకుంటాయి, అదే వాళ్ల గీత. అంటే మేం గీత దాటేశాం! ఆ సాయంత్రం మా ఇద్దరికీ కాళ్లు నేల మీద లేవు. "ఇక్కడితో ఆపేసి రాసేద్దామే, 20 మంది చాలు కదా" అంది నా ఫ్రెండ్. తను మోసం చేద్దామని ఆ మాట అనలేదు, పరీక్షలు దగ్గర పడుతున్నాయని అంది. నాకూ ఆశగానే ఉంది. కానీ నోట్‌బుక్ తెరిస్తే నా చేతిరాతతోనే 60 అని ఉంది. సరే అని మిగతా 40 మందితో కూడా చేశాం. ఆ 1,000 ఊహల్లో 186 కలిశాయి, అంటే రావాల్సినదానికంటే 14 తక్కువ. మొత్తం కలిపితే 1,500కి 304. అదృష్టం మీద రావాల్సింది 300. ఏమీ లేదన్నమాట.

మా గైడ్ గారు చాలా మంచి మనిషి. రిపోర్టు మొత్తం చదివి, "పద్ధతిగా చేశావమ్మా. కానీ ఏమీ రాలేదు కదా, దీన్ని ఎవరు వేస్తారు?" అన్నారు. అయినా పట్టు వదలక ఒక జర్నల్‌కి పంపాను. రెండు లైన్ల జవాబు వచ్చింది, ఆసక్తికరమైన ఫలితం లేదు కాబట్టి రివ్యూకి, అంటే ఆ రంగం నిపుణుల పరిశీలనకి, పంపడం లేదని. ఆ రోజు ఫోల్డర్ సొరుగులోకి వెళ్లింది.

అప్పటి నుంచి నన్ను తొలుస్తున్న విషయం ఒకటుంది. 20 మందితో ఆపేసి ఉంటే నా దగ్గర ఒక పేపర్ ఉండేది, "టెలిపతీకి ఆధారం" అని. అందులో ఒక్క అంకె కూడా తప్పు ఉండేది కాదు. 118 అంటే 118, టిక్కులు అన్నీ నిజం టిక్కులు. ఆ పేపర్‌ని ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు వేసుకునేవాళ్లు. అనుకున్నట్టే 60 మందితో చేసిన పేపర్ మాత్రం ఎవరికీ అక్కర్లేదు. రెండింట్లో జనాన్ని తప్పుదారి పట్టించేదానికే అచ్చయ్యే యోగం ఉంది. అతీంద్రియ శక్తులు ఉన్నాయా లేవా అని జనం వాదించుకుంటుంటే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది. ఆ ప్రశ్నకి జవాబు ప్రయోగశాలలోనే తేలిపోదు, ఏది అచ్చు వేయాలో నిర్ణయించే ఎడిటర్ బల్ల మీద కూడా సగం తేలుతుంది.

దీనికి 1979లో రాబర్ట్ రోసెంథాల్ అనే సైకాలజిస్టు ఒక పేరు పెట్టాడు, ఫైల్ డ్రాయర్ సమస్య అని. అంటే అక్షరాలా నా సొరుగే. ఉదాహరణకి 20 చోట్ల 20 మంది విద్యార్థులు నాలాంటి ప్రయోగమే చేశారనుకోండి. టెలిపతీ అనేది అసలు లేదనే అనుకోండి. అయినా నూటికి ఐదు గీత ప్రకారం, 20లో ఒకరికి సగటున "ఫలితం" వస్తుంది. ఆ ఒక్కరిదే అచ్చవుతుంది. మిగతా 19 సొరుగుల్లో పడతాయి. బయట లైబ్రరీలో కూర్చుని చదివేవాడికి కనిపించేది ఆ ఒక్క పేపరే కాబట్టి, వాడి దృష్టిలో చేసిన ప్రయోగాలన్నీ గెలిచినట్టే.

సైకిక్ పరిశోధనలో, అంటే ఇలాంటి అతీంద్రియ శక్తుల మీద చేసే పరిశోధనలో, ఈ గొడవ మిగతా శాస్త్రాల కంటే ఎక్కువ కుదుపు కుదపడానికి కారణం ఉంది. వెతుకుతున్నది చాలా చిన్న తేడా, నూటికి రెండు మూడు పాళ్లు అటూ ఇటూ. మందు వేస్తే జ్వరం తగ్గినట్టు కళ్లకి కనబడేది కాదు. అందుకని ఏది అచ్చైంది, ఏది కాలేదు అన్నదాన్ని బట్టే ఆ చిన్న తేడా పుట్టగలదు, చావగలదు.

ఈ సైకిక్ పరిశోధకులకి సొంత జర్నల్స్ ఉండటం కొత్తేమీ కాదు. లండన్‌లో 1882లో సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ పెట్టారు, కేంబ్రిడ్జ్ తత్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్ మొదటి అధ్యక్షుడు. అప్పటి నుంచే ప్రొసీడింగ్స్ అనే వాళ్ల పత్రిక వస్తూ ఉంది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ కార్డుల ప్రయోగాలతో పేరు తెచ్చుకున్నాక, 1937లో అక్కడ జర్నల్ ఆఫ్ పారాసైకాలజీ మొదలైంది. పారాసైకాలజీ అంటే ఈ సైకిక్ పరిశోధనకే ఇంకో పేరు. నేను వాడిన ఐదు గుర్తులు ఆయన ల్యాబులోంచి వచ్చినవే. మామూలు సైకాలజీ జర్నల్స్ తలుపు తీయకపోతే మనుషులు చేసేది ఇదే, సొంత ఇల్లు కట్టుకుంటారు. కట్టుకున్నాక ఇంకో చిక్కు మొదలైంది. సొంత జర్నల్‌లో వేస్తే "వాళ్లల్లో వాళ్లే రివ్యూ చేసుకుంటారు, దాన్నెవరు లెక్కపెడతారు" అంటారు. బయటి జర్నల్‌కి పంపితే రివ్యూకే పంపరు. యువ పరిశోధకుడు ఎవరైనా ఈ రెండింటి మధ్య నలిగిపోవాల్సిందే. వాడి బయోడేటాలో ఆ ఒక్క పేపర్ కనబడితే ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఎలా చూస్తారో నేను విడిగా చెప్పక్కర్లేదు.

అప్పుడప్పుడూ తలుపు తెరుచుకునేది. 1974 అక్టోబర్‌లో నేచర్ పత్రిక టార్గ్, పుట్‌హాఫ్ అనే ఇద్దరి పేపర్ వేసింది, మనసు శక్తితో చెంచాలు వంచుతానని చెప్పుకున్న యూరీ గెల్లర్‌తో చేసిన ప్రయోగాలు కూడా ఉన్నది. దానితో పాటే ఒక సంపాదకీయం రాసి, రివ్యూయర్లు ఇందులో ఏయే బలహీనతలు చూశారో, అయినా ఎందుకు వేస్తున్నామో వివరించారు. నేచర్‌లో వచ్చింది అన్న మాట ఒక్కటే జనంలోకి వెళ్లింది. ఆ సంపాదకీయం చదివినవాళ్లు ఎంతమంది?

నాకు బాగా నచ్చిన పద్ధతి 1987 నాటిది. బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్ అనే జర్నల్ ఒకే సంచికలో రెండు పెద్ద పేపర్లు వేసింది. ఒకటి కోనేరు రామకృష్ణారావు గారు జాన్ పామర్‌తో కలిసి రాసింది, ఇందులో వివరణకి అందని విషయం ఏదో ఉంది, పరిశోధించాలి అని. రెండోది జేమ్స్ ఆల్కాక్ రాసింది, ఇది శాస్త్రమా లేక ఆత్మ కోసం వెతుకులాటా అని నిలదీస్తూ. వాటి వెంట ఇరువైపుల నుంచీ బోలెడు మంది వ్యాఖ్యలు, వాటికి రచయితల జవాబులు, అన్నీ ఒకే చోట. రామకృష్ణారావు గారు రైన్ సంస్థలో పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పారాసైకాలజీ విభాగాన్ని నిలబెట్టిన మనిషి. ఆయన ముగింపులతో నేను ఏకీభవించను. కానీ ఎదుటివాడి వాదన తన వాదన పక్కనే అచ్చవుతుందని తెలిసి రాయడం వేరు. రెండు పేపర్లలోనూ అతిశయోక్తులు తక్కువ.

ఇక అసలు కథకి వస్తాను. కార్నెల్ యూనివర్సిటీలో డారిల్ బెమ్ అని చాలా పేరున్న సోషల్ సైకాలజిస్టు. 2011లో ఆయన పేపర్ జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీలో వచ్చింది. ఆ రంగంలో అంతకంటే పెద్ద జర్నల్స్ చాలా తక్కువ. తొమ్మిది ప్రయోగాలు, వెయ్యికి పైగా మనుషులు, మనుషులకి జరగబోయేది ముందే లీలగా తెలుస్తుంది అని సారాంశం. తొమ్మిదిలో ఎనిమిది గీత దాటాయి.

చివరి ప్రయోగం ఒక్కటి చెబుతాను. కంప్యూటర్ మీద 48 మాటలు ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తారు. తిండి పదార్థాలు, జంతువులు, వృత్తులు, బట్టలు, ఇలాంటివి. తర్వాత చెప్పాపెట్టకుండా "గుర్తున్నవన్నీ రాయండి" అంటారు. రాయడం అయిపోయాక, అయిపోయాకే సుమా, కంప్యూటర్ ఆ 48లోంచి లాటరీ పద్ధతిలో 24 మాటలు ఎంచుకుని వాటిని ప్రాక్టీస్ చేయిస్తుంది. బెమ్ చెప్పిందేమిటంటే, తర్వాత ప్రాక్టీస్ చేయబోయే మాటలే ముందు పరీక్షలో ఎక్కువ గుర్తొచ్చాయట. అంటే పరీక్ష రాసి ఇంటికొచ్చాక చదువుకున్నా మార్కులు పెరుగుతాయి!

పేపర్‌ని నలుగురు రివ్యూ చేశారు. వాళ్లకి నమ్మకం కలిగిందని కాదు, మామూలు పేపర్లకి వాడే కొలబద్దల ప్రకారం చూస్తే దీన్ని ఆపడానికి కారణం దొరకలేదు. నన్ను కదిలించింది ఇక్కడే. సైకాలజీ జర్నల్స్ ఏళ్ల తరబడి ఏ కొలబద్దతో వేల పేపర్లు వేశాయో అదే కొలబద్దతో కొలిస్తే భవిష్యత్తు కనబడటం కూడా పాసైంది. అలాంటప్పుడు అనుమానించాల్సింది బెమ్ ఒక్కడినేనా, ఆ కొలబద్దని కూడానా? అదే సంచికలో వాగెన్‌మేకర్స్, ఆయన తోటివాళ్లు రాసిన విమర్శ కూడా వచ్చింది. సైకాలజిస్టులు డేటాని విశ్లేషించే తీరే మారాలి అన్నది వాళ్ల మాట.

తర్వాత స్టువర్ట్ రిచీ, రిచర్డ్ వైజ్‌మన్, క్రిస్ ఫ్రెంచ్ అనే ముగ్గురు ఆ మాటల ప్రయోగాన్నే తమ తమ చోట్ల విడివిడిగా చేసి చూశారు. ఒక్కో చోట 50 మంది, మొత్తం 150. మూడు చోట్లా ఏమీ రాలేదు. పేపర్ రాసి బెమ్ పేపర్ వేసిన జర్నల్‌కే పంపారు. పాత ప్రయోగాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ చేసినవి మేం వేయం అని జవాబు. సైన్స్ అనే పత్రిక తిప్పి పంపింది. సైకలాజికల్ సైన్స్ తిప్పి పంపింది. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీ రివ్యూకి పంపింది. ఒక రివ్యూయర్ వేయమన్నారు, ఇంకొకరు వద్దన్నారు, వేయలేదు. ఆ వద్దన్న రివ్యూయర్ స్వయంగా బెమ్. చివరికి 2012 మార్చిలో ప్లాస్ వన్ అనే ఉచిత ఆన్‌లైన్ జర్నల్ వేసింది.

ఈ కథ చదివిన రోజు నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా రెండు లైన్ల జవాబు గుర్తొచ్చి. వాళ్లకి పేరుంది, యూనివర్సిటీ ఉంది, అడిగితే రాసే పత్రికలున్నాయి, వాళ్ల పరిస్థితే అది. ఒక ఆశ్చర్యకరమైన వార్తని మోసుకొచ్చిన జర్నల్, ఆ వార్త నిలబడలేదు అన్న సంగతి మోసుకెళ్లడం మా పని కాదు అంటే, చదివేవాడు ఎవరి దగ్గరికి పోవాలి? అదే 2012లో, కొన్నాళ్లకి, గెలాక్, మరి ముగ్గురు కలిసి ఏడు ప్రయోగాలు, 3,289 మందితో చేసిన పేపర్‌ని బెమ్ పేపర్ వేసిన జర్నలే వేసింది. అందులోనూ ఏమీ రాలేదు. తలుపు తెరుచుకుంది కానీ తట్టాల్సినంత గట్టిగా తట్టాక.

బెమ్ పేపర్ వల్ల సైకాలజీ మొత్తం తన ఇల్లు తను తవ్వి చూసుకుంది. 2011లోనే సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ ఒక పేపర్‌లో, లెక్కలు ఎక్కడ ఆపాలో ఎవరిని వదిలేయాలో మన ఇష్టానికి వదిలేస్తే ఒక పాట వింటే మనిషి వయసు తగ్గుతుందని కూడా రుజువు చేయొచ్చని చేసి చూపించారు. నా 20 మంది దగ్గర ఆపేయడం అన్నది సరిగ్గా ఆ జాబితాలోనిదే. 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో, పేరున్న జర్నల్స్‌లోని 100 సైకాలజీ ప్రయోగాలు మళ్లీ చేస్తే, గీత దాటినవి 36 శాతమే. మొదటిసారి అచ్చైనప్పుడు అవి 97 శాతం. అందులో టెలిపతీ ఒక్కటీ లేదు, అన్నీ మామూలు సైకాలజీయే.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్నది. సైకాలజీ 2010ల్లో కళ్లు తెరిచి తెచ్చుకున్న మందు, అందరూ ఎగతాళి చేసే ఈ పారాసైకాలజీ వాళ్ల దగ్గర 1970ల్లోనే ఉంది. 1975లో పారాసైకలాజికల్ అసోసియేషన్, విజయం వచ్చినవే ఏరి అచ్చు వేయడం తప్పు అని అధికారికంగా ఒక విధానం పెట్టుకుంది. శూన్య ఫలితం వచ్చినా పద్ధతి బాగుంటే వేయాలి అని. ఆ పాటికే సైకాలజీలో పెద్ద జర్నల్స్ ఏవైనా ఇలా బాహాటంగా ఒప్పుకున్నాయా? నాకు తెలిసి లేదు.

అంతకంటే గొప్పది మార్టిన్ జాన్సన్ చేసింది. ఆయన నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1970ల మధ్యలో యూరోపియన్ జర్నల్ ఆఫ్ పారాసైకాలజీ మొదలుపెట్టి పరిశోధకులకి ఒక వెసులుబాటు ఇచ్చాడు. ప్రయోగం చేయకముందే మీ ప్లాన్ పంపండి, ఎంతమందితో చేస్తారు, ఏ లెక్క వేస్తారు అన్నీ రాయండి, అది బాగుంటే ఫలితం ఏదొచ్చినా వేస్తాం అని. ఎంత చిన్న మార్పో చూడండి. ఎడిటర్ నిర్ణయం తీసుకునే సమయాన్ని ఫలితం తర్వాత నుంచి ఫలితం ముందుకి జరిపాడు, అంతే. ఇక 20 మంది దగ్గర ఆపేయాలన్న ఆశే పుట్టదు, ఎందుకంటే ఆపితే వచ్చే లాభం లేదు. ఆ పద్ధతి దాదాపు 17 ఏళ్లు నడిచింది. 2019లో వైజ్‌మన్, కారొలైన్ వాట్, కోర్న్‌బ్రాట్ ఆ పాత సంచికలన్నీ తిరగేసి పోల్చి చూస్తే, ముందే ప్లాన్ పంపినవాటిలో "గెలుపులు" బాగా తక్కువ. మిగతా శాస్త్ర ప్రపంచంలో ఇదే పద్ధతికి రిజిస్టర్డ్ రిపోర్ట్స్ అని పేరు పెట్టి కార్టెక్స్ అనే జర్నల్ మొదలుపెట్టింది 2013లో. మధ్యలో దాదాపు నలభై ఏళ్లు గడిచిపోయాయి. మంచి ఆలోచన ఎవరి నోటి నుంచి వచ్చిందో చూసి చెవులు మూసుకోవడం వల్ల పోయిన ఏళ్లు అవి.

తప్పులు బయట పెట్టుకోవడంలో కూడా ఈ జర్నల్స్‌కి నేను మర్యాద ఇస్తాను. 1974లో రైన్ సంస్థలోనే, ఆయన తన తర్వాత నడుపుతాడని నమ్మి డైరెక్టర్‌ని చేసిన కుర్రవాడు యంత్రం లెక్కల్ని తారుమారు చేస్తుంటే తోటి ఉద్యోగులే పట్టుకున్నారు. వాళ్లు పక్కన రహస్యంగా ఇంకో రికార్డింగ్ పెడితే దాంట్లో ఏమీ లేదు, అతని రికార్డులో మాత్రం గొప్ప ఫలితం. రైన్ ఆ సంగతి తన జర్నల్‌లోనే అచ్చు వేశాడు. అలాగే ఎస్.జి. సోల్ అనే బ్రిటిష్ గణిత శాస్త్రజ్ఞుడు 1940ల్లో చేసిన టెలిపతీ ప్రయోగాలు ఎంతోమందికి తిరుగులేని రుజువు. ఆయన లండన్ సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్‌కి అధ్యక్షుడిగా కూడా చేశాడు. 1978లో బెట్టీ మార్క్‌విక్ ఆ ప్రయోగాల్లో వాడిన అంకెల వరసల్ని ఓపిగ్గా పట్టి పట్టి చూసి, మధ్యలో అంకెలు చొప్పించారని, ఆ చొప్పించినవే ఎక్కువగా సరైన ఊహలతో కలుస్తున్నాయని చూపించింది. ఆమె పేపర్ వేసింది ఎవరు? ఆ సొసైటీ ప్రొసీడింగ్సే. ఇల్లు కూలుతుందని తెలిసీ గోడ మీద పగులు ఇదీ అని చూపించడం ఎంత కష్టమో, నా 118 అంకెని చూసుకున్న ఆ సాయంత్రం నాకు కాస్త తెలిసింది.

అలాగని వీళ్ల దగ్గర అంతా శుభ్రంగా ఉందని అనను. గాంజ్‌ఫెల్డ్ అని ఒక ప్రయోగం ఉంది. సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతులు కళ్ల మీద పెట్టి, ఎర్ర లైటు వేసి, చెవుల్లో హోరు వినిపిస్తూ, అవతల గదిలో మనిషి చూస్తున్న బొమ్మ ఏదో చెప్పమంటారు. నాలుగు బొమ్మల్లో ఒకటి ఎంచుకోవాలి, అదృష్టం 25 శాతం. 1986లో విమర్శకుడు రే హైమన్, పరిశోధకుడు చార్లెస్ హానర్టన్ కలిసి, ఇకపై ఈ ప్రయోగం ఎలా చేయాలో ఒక ఉమ్మడి ప్రకటన రాసుకున్నారు. బద్ధ ప్రత్యర్థులిద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం, అది జర్నల్‌లో అచ్చవడం, నాకు ఈ రంగం మొత్తంలో ఇష్టమైన పేజీలవి. 1994లో బెమ్, హానర్టన్ సైకలాజికల్ బులెటిన్‌లో 32 శాతం అన్నారు. 1999లో అదే జర్నల్‌లో మిల్టన్, వైజ్‌మన్ తర్వాతి 30 అధ్యయనాలు కలిపి చూస్తే ఏమీ లేదన్నారు. 2001లో బెమ్, పామర్, బ్రౌటన్ ఇంకో పది కలిపి మళ్లీ ఉంది అన్నారు. ఏవి కలపాలి, ఏవి తీసేయాలి అన్నది లెక్క వేసేవాడి చేతిలో ఉన్నంతకాలం ఈ తూగుటుయ్యాల ఆగదు. అచ్చైన పేపర్లని పోగేసినంత మాత్రాన అచ్చు కానివి లెక్కలోకి రావు కదా.

2018లో అమెరికన్ సైకాలజిస్ట్ జర్నల్‌లో ఎట్జెల్ కార్డేన్యా ఈ మొత్తం సాక్ష్యాన్ని సమీక్షిస్తూ, దీన్ని సీరియస్‌గా తీసుకోవాలని రాశాడు. దానికి రీబర్, ఆల్కాక్ అక్కడే జవాబిచ్చారు. ఇలాంటివి ప్రకృతి నియమాల ప్రకారం అసాధ్యం కాబట్టి డేటా చూడాల్సిన పనే లేదు అన్నది వాళ్ల వాదన. వాళ్ల ముగింపు వైపే నేనూ మొగ్గుతాను, నా సొంత 1,500 ఊహలు కూడా ఆ వైపే ఉన్నాయి. కానీ డేటా చూడక్కర్లేదు అన్న మాట నాకు మింగుడు పడలేదు. చూడక్కర్లేదు అనుకుంటే రిచీ వాళ్ల 150 మంది కూడా అక్కర్లేదు, మార్క్‌విక్ పట్టి పట్టి చూసిన అంకెలూ అక్కర్లేదు. సోల్ మోసం బయటపడింది ఎవరో కూర్చుని డేటా చూడబట్టే.

ఇలా చేయాలి అని నేను వేలు పెట్టి చూపించగలిగేది 2023 నాటి పేపర్. జోల్తాన్ కెకెచ్ అనే హంగేరీ పరిశోధకుడి ఆధ్వర్యంలో బెమ్ మొదటి ప్రయోగాన్ని మళ్లీ చేశారు. తెర మీద రెండు పరదాలు, ఒకదాని వెనక బొమ్మ, ఏదో ముందే చెప్పాలి. బెమ్‌కి శృంగార చిత్రాల విషయంలో 53.1 శాతం వచ్చింది, 50 రావాల్సిన చోట. ఈసారి నమ్మేవాళ్లనీ నమ్మనివాళ్లనీ కూర్చోబెట్టి, ఏం వస్తే ఉన్నట్టు, ఏం వస్తే లేనట్టు అని అందరి చేతా ముందే ఒప్పించారు. జర్నల్ కూడా ఫలితం రాకముందే ప్లాన్ చూసి ఒప్పుకుంది. డేటా వస్తున్నది వస్తున్నట్టు బయట పెట్టారు, ఎవరూ మధ్యలో చెయ్యి పెట్టకుండా. తొమ్మిది దేశాల్లో 10 ల్యాబులు, 2,115 మంది, 37,836 ఊహలు. ఫలితం 49.89 శాతం. రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్‌లో వచ్చింది. ఏమీ రాని పేపర్! పెద్ద జర్నల్‌లో! మార్టిన్ జాన్సన్ చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో అనుకున్నాను.

ఎడిన్‌బరో యూనివర్సిటీలో కోస్ట్‌లర్ పారాసైకాలజీ యూనిట్ 2012లో ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టింది. ప్రయోగం మొదలుపెట్టే ముందు అక్కడ నమోదు చేసుకుంటే, తర్వాత అది సొరుగులో మాయమైపోయినా అలాంటిదొకటి మొదలైందన్న గుర్తు మిగులుతుంది. నా కాలంలో నాకది తెలిసి ఉంటే నోట్‌బుక్ మొదటి పేజీ అక్కడ పెట్టేదాన్ని. ఇప్పుడు పాతదాన్ని నమోదు చేసే అర్థం లేదు, అయిపోయిన పెళ్లికి బాజాలు. డేటాని మాత్రం ఎవరైనా చూసుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. ఎప్పుడైనా ఎవరైనా ఇలాంటివన్నీ కలిపి లెక్క వేస్తే వాళ్ల కుప్పలో నా 304 కూడా పడుతుంది.

అందుకే నాలుగు రోజులుగా రాత్రిళ్లు షీట్లు ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నాను. వృత్తానికి 1, కూడిక గుర్తుకి 2, అలలకి 3, చతురస్రానికి 4, నక్షత్రానికి 5. వాళ్ల పేర్లు తీసేసి వరస నంబర్లు వేశాను. 17వ షీటులో ఒకచోట పెన్సిల్ చెరిగిపోయి అది వృత్తమో చతురస్రమో తేలడం లేదు. ఆ కార్డు చతురస్రం, నేను అప్పుడు టిక్కు పెట్టాను. ఫ్రెండ్‌కి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే "నాకైతే వృత్తంలాగే ఉందే" అంది. ఆ గడిలో అంకె వేయకుండా, పక్క కాలమ్‌లో "గుర్తు అస్పష్టం, అప్పుడు సరైనదిగా లెక్కించాం" అని రాశాను. ఇంకా 22 మంది షీట్లు మిగిలాయి.